ముప్పై బోర్డు పెట్టిన వీధి

లైబ్రరీ, పై గది
సోమవారం

బాబాయికి,

ఈ ఉదయం లైబ్రరీ గాజు తలుపు మీద ఎవరిదో ముక్కు అచ్చు కనిపించింది. తెరిచే వేళ కాకముందే వచ్చి, లోపల ఎవరైనా ఉన్నారేమోనని ముఖం ఆనించి చూసినట్టున్నారు. ఎత్తును బట్టి పెద్దవాళ్ళదే. తుడిచేయమని మేడమ్ చెప్పారు. మిగతా గాజంతా తుడిచి, అది ఒక్కటీ మధ్యాహ్నం దాకా ఉంచాను. పుస్తకం కోసం అంత తొందరపడ్డ మనిషెవరో చూడాలనిపించింది. వచ్చినవాళ్ళందరి ముక్కులూ చూశాను. ఎవరూ బయటపడలేదు.

మా మేడమ్ గురించి ఇంకా రాయలేదు కదూ. పెద్ద లైబ్రేరియన్ ఆవిడే. ఎవరు గట్టిగా తుమ్మినా తలెత్తి చూస్తారు. కానీ గదిలో అన్నిటికంటే ఎక్కువ చప్పుడు ఆవిడ చెప్పులదే. కిర్రుమంటూ అరల మధ్య తిరుగుతుంటే చదివేవాళ్ళు చూపులు దించుకుంటారు. ఎవరూ చెప్పరు. నేనైతే అసలే చెప్పను.

మీ పోయిన ఉత్తరంలో బజారు వీధిలో గంటకి ముప్పై కిలోమీటర్లు దాటకూడదని బోర్డులు పెట్టారని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ ముక్క దగ్గర కలం ఎంత నొక్కారంటే కాగితం వెనకవైపు ఉబ్బింది. ఆరు నెలలు చూసి, ఉంచాలో తీసేయాలో తేలుస్తారని పిన్ని ఫోన్లో చెప్పింది. మీ మాట ఏమిటో అడిగితే, "ఆయన్నే అడుగు, నా ముందైతే గ్లాసు చప్పుడు చేసి లేచిపోతున్నాడు" అంది.

పిన్నితో ఫోన్లో మాట్లాడతాను. మీతో ఉత్తరాలే అలవాటు. అమ్మానాన్నా బదిలీల మీద తిరుగుతుంటే నన్ను కాన్వెంట్లో వేశారు, సెలవులకి మీ ఇంటికే వచ్చేదాన్ని. ఆదివారం ఆదివారం ఉత్తరాలు రాయించి, కవరు అంటించకుండా ఇమ్మనేవారు సిస్టర్. ఇంట్లోవాళ్ళని కంగారుపెట్టే మాట కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. జ్వరంతో పడుకునే "నేను క్షేమం" అని రాసేవాళ్ళం. నాకు తప్పకుండా జవాబు రాసింది మీరొక్కరే. అందులోనూ "నేనూ క్షేమం" అనే ఉండేది. అదే వారం మీ బస్సుకి బ్రేకులు పోయి పొలంలోకి దిగిందని తర్వాతెప్పుడో సెలవుల్లో తెలిసింది.

ఇక్కడ లైబ్రరీ ముందు రోడ్డు వంతెన మీద నుంచి తిన్నగా దిగుతుంది. దీనికీ ముప్పయ్యే. నేను రాకముందే పెట్టారట. కిటికీ తెరిచి ఉంచినా పక్కవాళ్ళు పేజీ తిప్పడం వినిపిస్తుంది. మీకు నచ్చదని తెలుసు. నాకు నచ్చింది.

మీ అమ్మడు


డిపో, విశ్రాంతి గది
ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య

అమ్మడూ,

నీ ముక్కు అచ్చు సంగతి మీ పిన్నికి చదివి వినిపించాను. "ముందురోజు అదే ఆనించి ఉంటుంది, సరిగ్గా చూసుకోమను" అంది.

ముప్పై గురించి అడిగావు కదా, చెబుతాను విను. నా బస్సుకి ముప్పైలో నడవడం రాదు. మూడో గేరులో మూలుగుతుంది, రెండో గేరులో అరుస్తుంది. మొన్న వెనక నుంచి సైకిల్ మీద ఒక పెద్దాయన గంట కొట్టి మరీ దారి అడిగాడు. ఇచ్చాను. దాటి పోతూ చెయ్యి ఊపాడు. మా కండక్టరు వెనక నుంచి, "అన్నా, దిగి తోయమంటావా" అని అరిచాడు. బస్సంతా నవ్వు. నేను నవ్వలేదు.

ఇంట్లో మీ పిన్ని ముప్పై పార్టీ, నేను యాభై పార్టీ. ఆవిడ కుట్టు దుకాణం ఆ వీధిలోనే కదా. ఇదివరకు లారీ పోతే గోడకున్న కత్తెర ఊగేదట, ఇప్పుడు సూదిలో దారం ఒకేసారి ఎక్కుతోందట. "దారం నువ్వు కళ్ళద్దాలు మార్చుకున్నందుకు ఎక్కుతోంది" అన్నాను. ఆ సాయంత్రం టీ నేనే పెట్టుకున్నాను.

పరాచికాలు పక్కన పెడితే, అసలు బాధ వేరే ఉంది. వీధిలో బోర్డు మార్చారు. మా టైము మార్చలేదు. బస్టాండులో బయలుదేరి స్టేషన్ ఎప్పటికి చేరాలో పాత లెక్కే నడుస్తోంది. ముప్పైలో వెళితే నాలుగు నిమిషాలు ఆలస్యం. డిపోలో మా టైములు చూసే కంట్రోలర్ని అడిగితే, "బోర్డు మునిసిపాలిటీది. టైము మనది. వాళ్ళ ఊసు మనకెందుకయ్యా" అన్నాడు. ఆలస్యమైతే మాత్రం మా పేర్ల పక్కన రాస్తాడు. ఆ నాలుగు నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి? రోడ్డు మీద తేవడానికి లేదు, కెమెరాలు పెట్టారు. అందుకని స్టాపుల్లో తెస్తున్నాం.

నీకు గుర్తుండే ఉంటుంది. బస్సు కదిలించే ముందు పక్క అద్దంలోకి ఒకసారి చూసేవాణ్ణి, పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఉన్నారేమోనని. సెలవుల్లో నువ్వు నా సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, "బాబాయ్, ఇంకొకరు" అనేదానివి. ఆ ఇంకొకరి కోసం ఆగితే ఇప్పుడు నా పేరు పక్కన రాస్తారు. అద్దంలోకి చూస్తే ఆగాలనిపిస్తుంది. అందుకని చూడటం తగ్గించాం, అందరం.

నీకేం తల్లీ, పుస్తకాల మధ్య కూర్చుంటావు. రోడ్డు సంగతి నీకేం తెలుసు.

టైమయింది. కండక్టరు పిలుస్తున్నాడు.

బాబాయి


లైబ్రరీ, పై గది
వాన రోజు

బాబాయికి,

అద్దంలోకి చూడటం తగ్గించామన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరు పక్క అద్దంలోకి చూసేటప్పుడు గడ్డం కొంచెం పైకెత్తేవారు. పరిగెత్తేవాళ్ళకి అది కనిపించి, నెమ్మదించేవాళ్ళు. మీరు ఆగుతారని వాళ్ళకి తెలిసేది.

మా దగ్గర రోడ్ల గురించి ఒక పాత పుస్తకం ఉంది. నేను చేరాక దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేదు, నేనే తీసుకున్నాను. వేగం కాస్త పెరిగితే దెబ్బ అంతకంటే ఎక్కువ పెరుగుతుందని అందులో రాశారు. ఇది మీకు కొత్తేమీ కాదు. ఒకసారి ఖాళీ బస్సులో నన్ను ముందు కూర్చోబెట్టుకుని, "యాభైలో ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే అది మన మాట వినే లోపు చెప్పాల్సినవాళ్ళకి క్షమాపణ చెప్పుకోవచ్చు" అన్నారు. ఆ మాట అన్నది మీరేనని పిన్నికి చెప్పనా?

ఇక్కడి బస్సుల్ని కొన్నాళ్ళుగా చూస్తున్నాను. ఇవీ ముప్పైలోనే వెళ్తాయి, అయినా జనం కోసం ఆగుతాయి. నిన్న ఒకావిడ రోడ్డుకి అవతల నుంచి చెయ్యెత్తితే, ఆవిడ సిగ్నల్ దగ్గర నిలబడి, ఆకుపచ్చ పడ్డాక దాటి వచ్చేదాకా డ్రైవరు ఆగాడు. ఎలా కుదురుతోందో అడగాలని స్టాపుకి వెళ్ళాను. బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. మూడోరోజు తలుపు తీసి, "ఇవాళైనా ఎక్కుతావా అమ్మా" అన్నాడు. లేదండీ అని లైబ్రరీకి వచ్చేశాను.

వచ్చే వారం అడుగుతాను.

మీ అమ్మడు


ఇల్లు, వంటగది బల్ల
ఆదివారం

అమ్మడూ,

నువ్వు ఎక్కనని తల ఊపుతుంటే ఆ డ్రైవరు ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. మాకు అలాంటివాళ్ళు ఊరికొకరు ఉంటారు. పాపం, వాళ్ళని ఏమీ అనం.

ఇక్కడ ఒక ప్రమాదం జరిగింది. మా డ్రిల్లు మాస్టారు నీకు తెలుసు, తెల్ల బూట్లు, మెళ్ళో విజిలు, రిటైరయినా విజిలు తీయలేదు. మొన్న పొద్దున బజారు స్టాపులో బస్సు అందుకోబోయి పడిపోయారు. బస్సు కదిలింది, ఆయన పరిగెత్తారు, కాలవ పక్క రాయి తగిలి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలంటున్నారు. ఆ వయసులో పరుగేమిటో. డ్రైవరుకి మెమో ఇచ్చారు, వారంలో సంజాయిషీ రాయాలి.

ఇప్పుడు ఊరంతా ఇదే మాట. ముప్పై పెట్టాక ప్రమాదాలు తగ్గుతాయన్నారు, ఇదేమిటి అంటున్నారు. బజారు సంఘం ప్రెసిడెంటు, అదే మన మందుల షాపాయన, మొదటి నుంచీ ఆ బోర్డుల మీద మండిపడుతున్నాడు కదా. కార్లవాళ్ళు పక్క రోడ్డున పోతున్నారట, బేరాలు పడిపోయాయట. ఆయనకిది దొరికింది.

మిగతా అంతా క్షేమం.

బాబాయి

అమ్మడూ, పిన్నిని. ఈయన కవరు అంటించమని నాకిచ్చి బయటికెళ్ళాడు. అడుగున చోటుంది కాబట్టి రాస్తున్నాను. ఆ బస్సు మీ బాబాయిదే. నేను మిషను ముందు కూర్చునే చూశాను. ఆరోజు నుంచి అన్నం కెలికి వదిలేస్తున్నాడు. మందుల షాపాయన ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. ముప్పై వల్లే ఈ ప్రమాదం జరిగిందని ఉంది అందులో. ఈయన సంతకం పెడితే కంట్రోలర్ మెమో వెనక్కి తీసుకుంటాడట, వాళ్ళిద్దరూ ఒకటే. పెడితే బోర్డు పోతుంది. పెట్టకపోతే ఈయన బస్సు పోతుంది, ఇక రిటైరయ్యేదాకా యార్డులో కూర్చోబెడతారు. ఈ మనిషి బస్సు లేకుండా ఇంట్లో ఎలా ఉంటాడో నువ్వు ఊహించుకో. నేను ఏం చెప్పినా దుకాణం కోసం చెబుతున్నానంటాడు. నువ్వు రాయి. నేను రాశానని చెప్పకు, చెప్పినా ఫరవాలేదు.


లైబ్రరీ, పై గది
శనివారం

బాబాయికి,

పిన్ని అడుగున రాసింది చదివాను. ఆమె మీద కోప్పడకండి. చదివాక మీరు రాసింది ఇంకోసారి చదివాను. "బస్సు కదిలింది" అని ఉంది. మీ ఉత్తరాల్లో బస్సు దానంతట అది కదలడం నేనెప్పుడూ చూడలేదు. మూలుగుతుంది, అరుస్తుంది, మొరాయిస్తుంది, కానీ నడిపేది మాత్రం మీరే.

మాస్టారికి ఎలా ఉంది? ముందు అది రాయండి.

మీ ఉత్తరం అందిన రోజునే స్టాపుకి వెళ్ళాను. బస్సు వచ్చింది. "టైము సరిపోతుందా అండీ" అన్నాను.

"ఏ టైమమ్మా?"

"ముప్పైలో వెళ్తే."

"ఎక్కు. వెనకవాడు హారను కొడుతున్నాడు."

ఎక్కాను. దిగడం తెలియక చివరి స్టాపు దాకా వెళ్ళాను. అక్కడ అతను ఇంజను ఆపి, ఫ్లాస్కు తీసి, మూతలో నాకు కొంచెం టీ పోశాడు. తను సీసాలోంచే తాగాడు. మీ గురించి చెప్పాను. పేరు చెప్పలేదు, మా బాబాయి అన్నాను.

"మాకూ ఇదే అయింది" అన్నాడు. "బోర్డులు పెట్టిన మొదటి నెల మేమూ స్టాపుల్లో ఆగే టైమే కోశాం. నా తలుపులో ఒకావిడ చెయ్యి ఇరుక్కుంది. గాజు తలుపు, లోపల వేళ్ళు, బయట మనిషి. ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి."

"తర్వాత ఏం చేశారు?"

"టైము వేసే ఆఫీసరుని బస్సులో కూర్చోబెట్టాం. తిట్టలేదు, ధర్నా చేయలేదు. ఒకసారి రండి సార్, ముప్పైలో పోదాం, మనిషి కోసం ఆగుతూ పోదాం, ఎప్పటికి చేరతామో మీరే చూడండి అన్నాం. మంచివాడే. ఎవరూ పిలవలేదు కాబట్టి అంతకుముందు రాలేదు, అంతే. దిగి వెళ్ళి టైము మార్చాడు."

"మరి మీ మీద..."

"రాశారు. నా తప్పుకి నన్ను రాశారు. దాన్ని బోర్డు మీద రుద్దితే చెయ్యి ఇరుక్కున్నావిడ ఊరుకుంటుందా? ఆవిడ రోజూ నా బస్సే ఎక్కుతుంది" అన్నాడు.

అదే బస్సులో తిరిగొచ్చేసరికి లైబ్రరీ తెరిచి ఉంది. మేడమ్ చెప్పులు మెట్ల దాకా కిర్రుమంటూ వచ్చాయి. "ఎక్కడికి వెళ్ళావు" అన్నారు. "చివరి స్టాపుకి" అన్నాను. ఆ చెప్పులే కిర్రుమంటూ వెనక్కి వెళ్ళాయి. నేను ఒక చోటికి వెళ్ళడం ఆవిడకి కొత్త అనుకుంటాను.

సంతకం పెట్టమనో వద్దనో చెప్పడం నాకు రాదు, బాబాయ్. బస్సు లేకుండా మీరెలా ఉంటారో నాకూ ఊహకి అందడం లేదు. కానీ వాళ్ళు తెచ్చిన కాగితంలో తప్పు ముప్పైది అని ఉంది, మెమోలో తప్పు మీది అని ఉంది. నాలుగు నిమిషాల సంగతి రెండింటిలోనూ లేదు. అది తెలిసినవాళ్ళు మీరే కదా.

మీ అమ్మడు


డిపో యార్డు, ఆగి ఉన్న బస్సులో
మధ్యాహ్నం

అమ్మడూ,

అడ్రసు చూస్తేనే నీకు అర్థమయ్యుంటుంది. మూడు నెలలు యార్డు. కడగడానికి బస్సుల్ని ఈ చివర నుంచి ఆ చివరకి నడపడం. స్టీరింగ్ ఉంది, రోడ్డు లేదు. మూడు నెలలయ్యాక మళ్ళీ బజారు రూటు ఇస్తామని కాగితం మీద రాసిచ్చారు. మీ పిన్ని భయపడినంత కాలేదు.

మొదటి నుంచీ చెబుతాను. నీకు రాయకుండా దాచిందీ చెబుతాను.

నేను అద్దంలోకి చూశాను. ఆరోజు అలవాటు కొద్దీ చూశాను. మాస్టారు చెయ్యెత్తి వస్తున్నారు. చూడకపోతే ఇంకోలా ఉండేది, చూశాను కాబట్టే ఇంత. ఆయన పరుగు నాకు తెలుసు తల్లీ. చిన్నప్పుడు మా వెనకాల విజిలు వేసుకుంటూ పరిగెత్తించి, చివరికి మమ్మల్నే దాటిపోయేవారు. అందుకుంటారులే అనుకున్నాను. నా కళ్ళకి ఆయన ఇంకా ఆ డ్రిల్లు మాస్టారే. గడియారం చూశాను, క్లచ్ వదిలాను. ఆయన ముసలివారైపోయారన్నది నాకు తోచలేదు.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషన్ అయింది, మంచం మీద కూర్చున్నారు. విజిలు మెళ్ళోనే ఉంది.

"నీ బస్సేరా అది" అన్నారు.

"అవును సార్."

"చూశావా నన్ను?"

"చూశాను సార్."

విజిలు వేళ్ళ మధ్య తిప్పారు. తర్వాత, "స్కూల్లో కూడా నువ్వు గంట కొట్టకముందే గేటు దగ్గరుండేవాడివి. తొందర వెధవా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన విజిలు ఊదారు. నర్సు పరిగెత్తుకొచ్చింది. "ఏమీ లేదమ్మా, వీడికి మంచినీళ్ళివ్వు" అన్నారు. ఇప్పుడు నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని వరండాలో నడుస్తున్నారు. నేను రోజూ డ్యూటీ దిగి వెళ్తున్నాను. నా నడక బాగోలేదని నాకే డ్రిల్లు చెబుతున్నారు.

మందుల షాపాయన కాగితం మీద సంతకం పెట్టలేదు. వేరే తెల్ల కాగితం మీద రాశాను. చూశాను, ఆగలేదు, అది నా తప్పు. ముప్పై తప్పు కాదు. ముప్పైకి తగ్గ టైము ఇవ్వకపోతే రేపు ఇంకో డ్రైవరు ఇంకొకర్ని పడేస్తాడు. ఒకసారి వచ్చి బస్సులో కూర్చోండి. అంతే రాశాను. కింద మా డ్రైవర్లు అడక్కుండానే సంతకాలు చేశారు. మా కండక్టరు, "నేను డ్రైవర్ని కాకపోయినా రోజూ తోసేది నేనే కదా" అని తనూ చేశాడు.

కంట్రోలర్ వచ్చాడు. గొడుగు ఒళ్ళో పెట్టుకుని నా బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు. స్టేషన్ దగ్గర దిగి ఆటోలో వెళ్ళిపోయాడు. మూడోరోజు కొత్త టైము గోడకంటించారు. సంతోషించాలి కదా. సంతోషించాను.

కానీ మొన్న మునిసిపల్ హాలులో మీటింగు పెట్టారు, ముప్పై ఉంచాలా తీసేయాలా అని. మీ పిన్ని బలవంతం మీద వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎవరో, "డ్రైవరుగారు మాట్లాడాలి" అన్నారు. లేచి, ముప్పై ఉంచండి అన్నాను. మీ పిన్ని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేను పార్టీ మారిన సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది.

అప్పుడు మందుల షాపాయన లేచాడు. చెడ్డవాడు కాదు, మాస్టారికి మందులు ఊరికే పంపుతున్నాడు. "బోర్డు పెట్టాక పడినవాణ్ణి నేను చూపిస్తాను, ఆసుపత్రిలో ఉన్నారు. దీనివల్ల బతికినవాణ్ణి ఒక్కణ్ణి మీరు చూపించండి" అన్నాడు.

ఏం చెప్పను? ముప్పై వల్ల బతికినవాళ్ళు ఎవరికి తెలుస్తారు? వాళ్ళు సంచి పట్టుకుని ఇంటికెళ్ళిపోయారు. తాము బతికామని వాళ్ళకే తెలియదు. వాళ్ళని హాలుకి ఎలా పిలవాలి? ప్రెసిడెంటుకి చాలామంది చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు వచ్చే గురువారానికి వాయిదా వేశారు. ఆరోజు చేతులెత్తించి తేల్చేస్తారు. ఇప్పటికి చేతులు అటే ఎక్కువ.

నువ్వు చదువుకున్నదానివి. నీ పుస్తకాల్లో దీనికి జవాబు ఉంటే రాయి. లెక్కలు వద్దు, లెక్కలు ఆయన దగ్గరా ఉన్నాయి. ఆయన అడిగింది మనిషిని.

బాబాయి


లైబ్రరీ, పై గది
ఉత్తరం చేరగానే

బాబాయికి,

మాస్టారు నడుస్తున్నారని చదివి చాలా తేలికపడ్డాను. మీ నడక బాగోలేదన్నది నిజమే, సీటులో కూర్చున్నట్టే నడుస్తారు. చెప్పినట్టు వినండి.

యార్డులో మూడు నెలలు త్వరగా గడవాలని కోరుకుంటున్నాను. కొత్త టైము కంటే కూడా, మాస్టారు అడిగినప్పుడు "చూశాను సార్" అన్నారే, అది నాకు ఎక్కువ నచ్చింది. నేనైతే ఆ గది గుమ్మం కూడా దాటేదాన్ని కాదు.

మీరడిగినదానికి పుస్తకాల్లో వెతికాను. మా మేడమ్ కూడా వెతికారు, అడక్కుండానే. లెక్కలే ఉన్నాయి. మంచి లెక్కలే. ఇలాంటి వీధుల్లో వేగం తగ్గిస్తే చావులూ పెద్ద దెబ్బలూ తగ్గాయని చాలా చోట్ల తేలింది. కానీ అందులో ఎవరికీ ముఖం లేదు. మీరు వద్దన్నారు కాబట్టి పంపడం లేదు.

గురువారం పిన్నిని పక్కన కూర్చోబెట్టుకోండి. కండక్టర్నీ తీసుకెళ్ళండి, చెయ్యి పెద్దగా ఎత్తుతాడు. ఈ ఉత్తరం అక్కడ చదవాలనిపిస్తే చదవండి. ఎవరు రాశారని అడిగితే మా అన్న కూతురని చెప్పండి. నలుగురిలో నా పేరు వినిపిస్తే నాకు ఇబ్బందని మీకు తెలుసు. అయినా ఈసారికి చెప్పండి.

ఉంటాను.

మీ అమ్మడు

ఉంటానని రాశాక కూడా కాగితం మడవలేకపోయాను. హాలులో చదివేటట్టయితే పైదంతా వదిలేసి ఇక్కడి నుంచి చదవండి.

నేను ఈ ఊళ్ళో చేరిన రెండో నెలలో, ఒక వాన ఉదయం, లైబ్రరీ ముందు రోడ్డు దాటుతుంటే నన్ను కారు గుద్దింది. గొడుగు అడ్డం పెట్టుకుని చూడకుండా దిగాను, తప్పు నాదే. కారు ముప్పై దాటలేదు. అయినా బ్రేకు వేసేసరికి నాకు తగిలింది, వెల్లకిలా పడ్డాను. నడిపినావిడ దిగి వచ్చి నాకంటే ఎక్కువ వణికిపోతుంటే, మెట్ల మీద కూర్చోబెట్టి నేనే మంచినీళ్ళు తాగించాను. నాకు మోచేయి గీరుకుపోయింది. ఆవిడ వెళ్ళాక తాళం తీసి, లైబ్రరీ తెరిచాను.